ఎర్రబడని కార్జం

1వ రోజు

ఈ ఉదయం లోవరాజు బాబాయ్ కొత్త కాలేయానికి పునాది పడింది. ఆయన ముంజేతి చర్మం నుంచి తీసిన కణాలను వెనక్కి, ఇంకా వెనక్కి నడిపించి, అమ్మ కడుపులో ఏ పనికీ కుదురుకోకముందు ఎలా ఉండేవో ఆ స్థితికి తీసుకెళ్ళి తొట్టెలో వేశారు డాక్టర్ జుబేదా గారు. నేను దీపం పట్టుకున్నాను. అయినా "నా తొట్టె" అనే రాసుకుంటాను. మొలకశాలలో చేరిన ఎనిమిది నెలలకు నాకు అప్పగించిన మొదటి తొట్టె ఇది.

మా ఊరు నూట పన్నెండు పంట్లను, అంటే వెడల్పాటి బల్లకట్టు పడవలను, గొలుసులతో కట్టి నీటి మీద నిలబెట్టిన ఊరు. మొలకశాల ఏడో పంటు మీద ఉంది. సముద్రం పోటు వచ్చేటప్పుడూ పాటు తీసేటప్పుడూ నీళ్ళు పరుగెడతాయి, పంటు కింద చక్రాలు తిరుగుతాయి, తొట్లకు వేడి అందుతుంది. పోటు పాటుకు మారే వేళ నీళ్ళు కదలవు. అప్పుడు విద్యార్థి బొగ్గుల కుంపటి రాజేసి తొట్టె కింద పెట్టాలి, భూతద్దంలో మొలకను చూడాలి, లాగ్‌బుక్‌లో రాయాలి.

ఆ లాగ్‌బుక్‌లో ప్రతి వాక్యం చివరా ఒక అక్షరం ఉండాలి. కళ్ళతో చూసింది అయితే చూ. ఒకరు చెప్పగా విన్నది అయితే వి. చూడకుండా, వినకుండా, ఆలోచించి తేల్చుకున్నది అయితే ఊ. ఈ పద్ధతి మా ముసలి వైద్యులు పేరయ్య గారు పెట్టించారట. వి.

బాబాయ్ పాత కాలేయం ఇంకో నలభై అయిదు రోజులు పనిచేస్తే గొప్ప అని డాక్టరు గారు ఆయన భార్య నూకరత్నం పిన్నితో అన్నారు. కొత్తది పెరగడానికి ముప్పై అయిదు రోజులు పడుతుంది. పది రోజులు మిగులు. ఇవి లాగ్‌బుక్‌లో పట్టే మాటలు కావు కనుక ఈ సొంత నోటుపుస్తకం తెరిచాను.

2వ రోజు

గంజి పట్టుకుని రోగుల గదికి వెళ్ళాను. లోవరాజు బాబాయ్ ముప్పయ్యేళ్ళుగా రేవు పంటు నడిపిన మనిషి. కళ్ళు పసుపు ముద్దల్లా ఉన్నా గొంతు మాత్రం తగ్గలేదు.

"ఏవమ్మా మొలకమ్మా, నా కార్జం ఎంత లావయ్యింది?"

"ఆవగింజంత కూడా లేదు బాబాయ్."

"ఓస్, అయితే మీ పిన్ని మనసు కంటే పెద్దదే!"

మంచం అవతల నుంచి నూకరత్నం పిన్ని అందుకుంది. "ఆ మనసుతోటే ముప్పయ్యేళ్ళు వండి పెట్టాను. అమ్మాయ్, కార్జంతో పాటు కొత్త నోరు కూడా మొలిపించడం కుదురుద్దేమో మీ డాట్రమ్మని అడుగు."

మొలకశాలలో కాలేయం అంటాం. మాంసం కొట్టులో కార్జం అంటారు. పేరయ్య గారు యకృత్తు అంటారు. ఆ మాట నేను మొదటిసారి విన్న రోజు ఇంటికి వెళ్ళేవరకూ నోట్లో చప్పరిస్తూనే ఉన్నాను. పాత వైద్యంలోని అవయవాల పేర్లను ఈనాటి శరీర నిర్మాణంతో, పిండం పెరిగే తీరుతో పోల్చి చూపించే పట్టిక తయారుచెయ్యడం నా చదువులో భాగం. ఇందులో నాకు పని అనిపించేది ఏదీ లేదు. ఎడమ పక్కటెముకల కింది ప్లీహం, ఊపిరితిత్తి అయిన ఫుప్ఫుసం, పెద్దపేగు మొదట్లోని ఉండుకం. మా నాయనమ్మ బల్ల అని పిలిచేది ప్లీహాన్నే అని తెలిసిన నాడు, ఆవిడతో మళ్ళీ మాట్లాడినట్టు అనిపించింది.

3వ రోజు

ఈ రోజు గుండె మొలకను తెచ్చి కాలేయపు మొలక పక్కన కూర్చోబెట్టాం. అది కూడా బాబాయ్ కణాల్లోంచి పెంచిందే, పెసరబద్దంత ఉంటుంది, దానంతట అదే కొట్టుకుంటుంది. పిండంలో కాలేయం పుట్టే చోటు గుండెకు ఆనుకుని ఉంటుంది. గుండె నుంచి వచ్చే కబురు అందితేనే అక్కడి పొర కాలేయంగా మారుతుంది. కబురు అందకపోతే అదే పొర క్లోమపు దారి పడుతుంది. అన్నం అరిగించే రసాలు చేస్తుందే, ఆ క్లోమం.

పేరయ్య గారికి ఇది చెబితే పిల్లాడిలా చప్పట్లు కొట్టారు. "మా వాళ్ళు యకృత్తు గురించి చెప్పాలంటే ముందు గుండెను పట్టుకుని, అక్కణ్ణించి కిందికి, కుడిపక్కకి రమ్మనేవారే అమ్మాయ్. ఎందుకో నాకు అరవయ్యేళ్ళు అర్థం కాలేదు. గుర్తుకోసం చెప్పారనుకున్నాను. చుట్టరికం కూడా ఉందన్నమాట!"

"వాళ్ళకి పిండం సంగతి ఇంతదాకా తెలుసంటారా?"

"అది నువ్వు ఊ పెట్టి రాసుకో. తొందరపడి చూ పెట్టకు."

గుండె మొలక మూడు రోజులు ఆగకుండా కొట్టుకోవాలి. ఈ మూడు రోజుల్లో లాగ్‌బుక్‌లో ఒక్క ఊ పడినా ఎనిమిదో రోజున కాలేయపు మొలకలోంచి ముక్క కోసి పరీక్షిస్తారు. కోత వల్ల మొలక రెండు రోజులు వెనకబడుతుంది. తొట్టె ఇంకో విద్యార్థి చేతికి వెళుతుంది.

4వ రోజు

ఉదయం చూశాను. కొట్టుకుంటోంది.

మధ్యాహ్నం పోటు మారే వేళకు నేను పంటు పైకప్పు మీద పేరయ్య గారి దగ్గర ఉన్నాను. గర్భంలో ముందు ఏ అవయవం పుడుతుందని పూర్వపు వైద్యులు చేసిన వాదం చెబుతున్నారాయన. ఒకరు తల అన్నారట. ఒకరు గుండె. ఇంకొకరు బొడ్డు, తిండి వచ్చేది అక్కణ్ణించే కదా అని.

"చివరికి ఎవరు గెలిచారండి?"

"అన్నీ ఒకేసారి పుడతాయి, మన కంటికి ఆననంత సన్నగా ఉంటాయి అన్నవాడు."

ఆ తర్వాత యకృత్తు, ప్లీహం రక్తం నుంచి పుడతాయన్న మాట వచ్చింది. నేను ఎగిరి గంతేశాను. ఎముకల్లో మజ్జ సిద్ధం కాకముందు పిండానికి రక్తం తయారుచేసి పెట్టేది కాలేయమే, కొన్నాళ్ళు ప్లీహం కూడా చెయ్యి వేస్తుంది. వాళ్ళు ఒక వైపు నుంచి చెప్పారు, మేం ఇంకో వైపు నుంచి చెబుతున్నాం. అలా రాసుకుంటూ, అడుగుతూ, మళ్ళీ రాసుకుంటూ ఉండిపోయాను.

దిగి వచ్చేసరికి సాయంత్రం నాలుగైంది. తొట్టె గోడ చల్లగా ఉంది. నీళ్ళు అప్పటికే కదిలి, చక్రాలు తిరగడం మొదలైంది. కుంపటి కూడా పెట్టి, భూతద్దం కింద చూశాను. గుండె మొలక కొట్టుకుంటోంది. మెల్లగా, కానీ కొట్టుకుంటోంది.

ఇప్పుడు కొట్టుకుంటోందంటే మధ్యాహ్నమూ కొట్టుకునే ఉంటుంది. అలా అనుకున్నాను. అలా అనుకున్నది ఊ.

లాగ్‌బుక్‌లో ఇలా రాశాను: "మధ్యాహ్నం పోటు మారే వేళ కుంపటి పెట్టడమైనది. గుండె మొలక క్రమంగా కొట్టుకొనుచున్నది. చూ." అంత అందమైన గ్రాంథికం నేను ఎప్పుడూ రాయలేదు.

8వ రోజు

కోత అవసరం లేదని డాక్టరు గారు లాగ్‌బుక్ చూసి సంతకం చేశారు. "మొదటి తొట్టెకి ఒక్క ఊ కూడా లేదు! శభాష్ వీరవేణీ."

మొలక చిక్కుడు గింజంత అయింది. బరువు లెక్క ప్రకారమే ఉంది. కొలతలు సరిపోయాయి. నాకు మెతుకు దిగడం లేదు. మా అమ్మ ఎండదెబ్బ అనుకుని మజ్జిగ ఇస్తోంది.

11వ రోజు

పేరయ్య గారు తొట్టె మీదికి వంగి చాలాసేపు చూశారు. కళ్ళద్దాలు తుడుచుకుని మళ్ళీ చూశారు.

"ఇది ఎర్రబడలేదేమే?"

నేను భూతద్దం తుడిచాను.

"యకృత్తు అయితే ఈపాటికి రక్తం పట్టాలి కదా. మొన్న మనం అనుకున్నది అదే కదూ. ఇదేమిటి, నానబెట్టిన శనగబద్దలా ఉంది?"

డాక్టరు గారు వచ్చారు. ఆవిడకు పేరయ్య గారంటే గౌరవమే, కానీ చేతిలో కాగితాలున్నప్పుడు కాగితాలకే గౌరవం ఎక్కువ. "రంగు ఒక్కో మొలకకు ఒక్కోలా తిరుగుతుందండి పేరయ్య గారూ. బరువు బాగుంది. గుండె మూడు రోజులూ కొట్టుకుంది, అమ్మాయి చూసి రాసింది. మీ పాత లక్షణం పట్టుకుని మొలకను కొయ్యమంటే ఎలా చెప్పండి? రెండు రోజులు ఆ మనిషి ప్రాణంలోంచి తియ్యాలి."

పేరయ్య గారు నా వైపు తిరిగారు. "వేణమ్మా, నువ్వు చూశావు కదా?"

"చూశానండి."

"అయితే నాదే పొరపాటు," అన్నారాయన. నా కళ్ళలోకి ఇంకోసారి కూడా చూడలేదు. అంత తేలిగ్గా నమ్మేశారు.

12వ రోజు

పేరయ్య గారు తన పాత కాగితాల్లో ఎర్రరంగు గురించి రాసుకున్న పేజీ మీద అడ్డంగా గీత గీశారు. నేను పక్కనే ఉండి సిరాబుడ్డి పట్టుకున్నాను. "ఈ పోలిక కుదరదని తేలింది. నీ పట్టికలో కూడా కొట్టెయ్," అన్నారు.

కొట్టేశాను. నిజమని తెలిసిన దాన్ని కొట్టేశాను.

13వ రోజు

"మొలకమ్మా, కార్జం ఎంతయ్యిందే?"

"చిక్కుడుకాయంత బాబాయ్."

"మీ పిన్ని అప్పుడే వంట లెక్కేసి చెప్పేత్తంది. నేను లేచిన రోజున పులసల పులుసంట. ఆ పులుసు కోసమైనా లెగాలి." నవ్వబోతే దగ్గొచ్చింది. పొట్ట ఉబ్బి దుప్పటి పైకి లేచింది. గోళ్ళు కూడా పచ్చబడ్డాయి.

పిన్ని నన్ను గుమ్మం దాకా సాగనంపి, కొంగు ముడి విప్పి రెండు ఉసిరికాయలు నా చేతిలో పెట్టింది. "చిక్కిపోయావే. తొట్టె దగ్గర నిలబడి నిలబడి. మా కోసమే గదా. తిను."

తినలేదు. పారెయ్యలేదు కూడా. అవి బల్ల మీదే ఉన్నాయి.

ఇప్పుడు చెబితే ఇంకా టైముంది. ఇలా రెండు రోజులుగా ప్రతి ఉదయం అనుకుంటున్నాను. చెప్పకుండా సాయంత్రం చేస్తున్నాను. బహుశా ఎర్రబడుతుందేమో. రేపటికి ఎర్రబడుతుందేమో. ఈ "బహుశా" అనే మాట ఇంత మెత్తగా ఉంటుందని, మనిషి ఇందులో ఎన్ని రోజులైనా దాక్కోవచ్చని నాకు తెలియదు.

15వ రోజు

తొట్టె నుంచి తీసేసిన పాత ద్రవాన్ని పారబోసే ముందు ఒక గిన్నెలోకి వంపుకున్నాను. ఉడికించిన బాతుగుడ్డు తెల్లసొన ముక్క అందులో వేసి, వెచ్చటి చోట మూత పెట్టి ఉంచాను. కాలేయం ఉన్న నీళ్ళలో అది అలాగే ఉండాలి.

సాయంత్రం మూత తీశాను. ముక్క అంచులు కరిగిపోయాయి. మధ్యలో వేలు పట్టేంత గుంట. మిగిలింది పట్టుకుంటే జారిపోయింది.

అరిగించింది. ఇది కాలేయం కాదు. పదిహేను రోజులుగా మేం బాబాయ్ కోసం క్లోమం పెంచుతున్నాం. నాలుగో రోజు మధ్యాహ్నం తొట్టె చల్లబడ్డాక గుండె ఆగింది. ఎంతసేపు ఆగిందో నాకు తెలియదు. మళ్ళీ వేడి తగిలాక మొదలైంది. కబురు అందాల్సిన వేళ దాటిపోయింది.

16వ రోజు

పొద్దున్నే చెప్పేశాను. డాక్టరు గారూ పేరయ్య గారూ ఇద్దరూ ఉన్నప్పుడే. గుడ్డు గిన్నె ముందు పెట్టి, నాలుగో రోజు పేజీ తెరిచి, వేలు పెట్టి చూపించాను.

డాక్టరు గారు అరవలేదు. గిన్నె కేసి చూస్తూ అడిగారు. "ఎప్పట్నించి అనుమానం?"

"పదకొండో రోజు నుంచండి. పేరయ్య గారు రంగు అడిగినప్పటి నుంచి."

"ఐదు రోజులు."

"అవునండి."

ఆవిడ వేళ్ళ మీద లెక్క పెట్టుకోవడం చూశాను. ఈ రోజే మళ్ళీ మొదలుపెట్టాలి. ముప్పై అయిదు రోజులు ఆగే వీలు లేదు. ముప్పై రోజుల పిల్ల కాలేయాన్ని పెట్టేస్తే లోపలికి వెళ్ళాక అదే పెరుగుతుందని ఆశ. అంటే నలభై ఆరో రోజు. బాబాయ్‌కి ఇచ్చిన గడువు నలభై అయిదు.

పేరయ్య గారు లేచి కర్ర అందుకున్నారు. గుమ్మం దగ్గర ఆగారు. "నేను నిన్ను అడిగాను కదే," అన్నారు. ఆ ఒక్క మాటే అని వెళ్ళిపోయారు.

"నూకరత్నం గారికి నేను చెప్పను. నువ్వు చెప్పు," అన్నారు డాక్టరు గారు. అప్పటికే చేతులు కడుక్కుంటున్నారు.

చెప్పాను. మంచానికి ఈ పక్క నిలబడి, ఇద్దరికీ వినబడేలా. బాబాయే ముందు మాట్లాడాడు. "అయితే నాకిప్పుడు రెండు కార్జాలన్నమాట."

"కాదు బాబాయ్. మొదటిది కార్జం కాదు."

ఆయన గోడ వైపు తిరిగి పడుకున్నాడు. పిన్ని మాత్రం నన్నే చూస్తోంది. "ఆ మజ్జానం ఏం సేత్తన్నావమ్మా?"

"మాటలు రాసుకుంటున్నాను పిన్నీ."

"ఏం మాటలు?"

"పాత వైద్యం మాటలు."

"సెప్పు. ఏం మాటలో ఇంటాను."

తప్పించుకునే దారి లేదు. "యకృత్తు. ప్లీహం. ఫుప్ఫుసం." నా నోట్లోంచి రాళ్ళలా పడ్డాయి.

"రాసుకున్నావా, అన్నీ?"

"రాసుకున్నాను."

"సరే, పో."

20వ రోజు

మొన్న రెండో తొట్టెకు గుండె మొలక పెట్టారు. నన్ను పంటు కడగడానికి వేశారు. ఉప్పు గీకుతుంటే పిన్ని వచ్చి డాక్టరు గారి గది ముందు నిలబడింది.

"ఆ పిల్లనే కూకోబెట్టండి డాట్రమ్మా."

"వద్దమ్మా. ఇంకొకరు చూస్తారు."

"ఇంకోరికి ఏం తెలుసు, సూడకపోతే ఏటవుద్దో? దానికి తెలుసు. దాన్నే కూకోబెట్టండి. పక్కన నేను కూకుంటాను."

మూడు రోజులు అలాగే కూర్చున్నాం. నా చేతిలో భూతద్దం, ఆవిడ చేతిలో విసనకర్ర. కుంపటి నిప్పులు ఆవిడే విసిరింది. ప్రతి గంటకూ ఒకటే ప్రశ్న. "కొట్టుకుంటందా?"

"కొట్టుకుంటోంది పిన్నీ."

మొదటి రోజు ఆవిడ నన్ను తోసి తనూ కన్ను పెట్టి చూసుకుంది. మూడో రోజుకి తొయ్యడం మానేసింది. తొయ్యడమే బాగుండేది.

27వ రోజు

ఎర్రబడింది.

నిన్న సాయంత్రం అంచున సన్నటి గీతలా ఉంది. ఈ ఉదయానికి మొత్తం పాకింది, దానిమ్మ గింజ రంగు. పేరయ్య గారికి కబురు పంపాను. వచ్చారు. చూశారు. నాతో మాట్లాడలేదు గానీ, జేబులోంచి కలం తీసి, తన కాగితాల్లో కొట్టేసిన పేజీని తిరిగి శుభ్రంగా రాయమని నా ముందు పెట్టారు. ఆయన దస్తూరీ పక్కన నా దస్తూరీ.

35వ రోజు

బాబాయ్‌కి మతి నిలవడం లేదు. పంటు నడుపుతున్నాననుకుని "తాడు విప్పండ్రా, తాడు విప్పండి" అంటున్నాడు. తొట్టెలోది అరచేతిలో సగం ఉంది. డాక్టరు గారు రోజూ రెండింటినీ చూస్తున్నారు, దీన్నీ ఆయన్నీ. నలభై ఆరో రోజు వరకు ఆగకుండా నలభై నాలుగునే పెట్టేద్దామని నిర్ణయించారు.

43వ రోజు

లోవరాజు బాబాయ్ ఈ ఉదయం పాటు మొదలయ్యే వేళ పోయాడు. చూ.

పదకొండో రోజున నోరు విప్పి ఉంటే, ముప్పై రోజుల కాలేయం నలభై ఒకటిన సిద్ధంగా ఉండేది. ఈ లెక్క నేను రాయకపోయినా అందరూ వేసుకున్నారు. ఎవరూ నాతో అనలేదు.

44వ రోజు

పిన్ని మొలకశాలకు వచ్చింది. నేరుగా తొట్టె దగ్గరికి వెళ్ళింది.

"ఇది ఆయనదేనా?"

"ఆయనదే పిన్నీ."

"బాగుందా?"

"బాగుంది." నిజంగానే బాగుంది. ఎర్రగా, నిగనిగలాడుతూ, అంచు కాస్త మడతపడి, ఏ లోపమూ లేకుండా ఉంది.

చదువు కోసం ఉంచమని అడగాలనేమో, డాక్టరు గారు ఒక అడుగు ముందుకు వేశారు. పిన్ని అన్నది: "ఆయన ఎల్లిపోయాక ఇదిక్కడ ఒక్కత్తీ ఎందుకు? తియ్యి. నువ్వే ఎత్తుకో."

తొట్టె వేడి నేనే ఆపాను. గొట్టాలు ఒక్కొక్కటే విప్పాను. తెల్లటి ముతక గుడ్డలో చుట్టి రెండు చేతుల్లోకి తీసుకున్నాను. పడవలో ఇసుకదిబ్బ దాకా గంట ప్రయాణం. పక్కవాళ్ళు ఎవరో పట్టుకుంటామంటే పిన్ని వద్దంది. దిబ్బ చేరేసరికి అది నా చేతుల్లో పూర్తిగా చల్లబడింది. చల్లబడటం మొదటి నుంచి చివరి వరకూ నాకు తెలుస్తూనే ఉంది.

గోతిలో బాబాయ్‌ని పడుకోబెట్టారు. పిన్ని గోతి అంచున మోకాళ్ళ మీద కూర్చుని నన్ను పిలిచింది.

"ఇదెక్కడుంటది మనిసికి?"

గుండెను పట్టుకుని, అక్కణ్ణించి కిందికి, కుడిపక్కకి. పట్టికలో ఎన్నిసార్లు రాశానో. మనిషి మీద ఎప్పుడూ వెతకలేదు. గోతిలోకి దిగి, వంగి, బాబాయ్ పక్కటెముకలు వేళ్ళతో తడుముకుంటూ వచ్చాను. చివరి ఎముక అంచు దొరికింది. గుడ్డ మూటను అక్కడ ఆనించి, జారకుండా అరచెయ్యి అదిమి ఉంచాను.

"ఇక్కడ పిన్నీ."

ఆవిడ కూడా దిగింది. నా చెయ్యి తీసి పక్కన పెట్టి, ఆ చోట తన చెయ్యి వేసింది.

"తెలిసింది," అంది. "ఇంక నువ్వు లెగు."

నేను లేచి, మట్టి వేసేవాళ్ళకు దారి ఇచ్చాను.